ఆపరేషన్ కోసం ఎన్నాళ్లు ఆగారు? మీ ఓపీ చీటీ మీద ఉన్న తేదీలు చెప్పండి

వేరుశనగ చేను (ఉరవకొండ దగ్గర పల్లె)

నాన్న ఓపీ చీటీని ముందు పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఆధార్ కార్డు, రేషన్ కార్డుతో కలిపి ప్లాస్టిక్ కవరులో దాచుకున్నారు. మడతల దగ్గర చిరిగితే అమ్మ వెనక వైపు టేపు అంటించింది. పైన నీలం సిరాతో జూన్ 17. దాని పక్కన "బీపీ తగ్గాక రండి". కింద జులై 8, కొట్టేసి ఉంది. జులై 22, కొట్టేసి ఉంది. ఆగస్టు 19 చుట్టూ సున్నా చుట్టారు, తర్వాత దాన్నీ కొట్టేశారు. చివరి గీతలో తేదీ లేదు. "ఫోను చేస్తాం" అని మాత్రం ఉంది. అక్టోబరు వచ్చింది, ఆ ఫోను ఇంకా రాలేదు.

నాన్నకు 62 ఏళ్లు. గజ్జలో హెర్నియా. పడుకుంటే లోపలికి పోతుంది, లేచి నాలుగడుగులు వేస్తే నిమ్మకాయంత ఉబ్బు బయటికి వస్తుంది. బరువు ఎత్తవద్దన్నారు. ఎత్తకుండా సేద్యం ఎలా? ఇప్పుడు కాయలు పీకే కాలం. మూటలు ఎత్తడానికి మనిషిని పెట్టుకున్నాం. నాన్న గట్టు మీద కూర్చుని చూస్తున్నారు.

రెండుసార్లు వార్డులో చేర్చుకున్నారు. రెండోసారి రాత్రి పది నుంచి మంచినీళ్లు కూడా తాగలేదు. పొద్దున ఆకుపచ్చ గౌను తొడిగి, థియేటర్ బయట బల్ల మీద కూర్చోబెట్టారు. మధ్యాహ్నం రెండు దాటాక ఒక నర్సమ్మ వచ్చి, "ప్రమాదం కేసులు వచ్చాయి, ఈ రోజు కాదు పెద్దాయనా" అని చెప్పి తన డబ్బాలో ఇడ్లీ తీసి పెట్టింది. అందుకే ఆసుపత్రి పేరు రాయను. అక్కడ ఎవరూ మమ్మల్ని చిన్న మాట అనలేదు.

నాకు తెలియాల్సింది ఒకటే. నాన్న వరుసలో ఎన్నో మనిషి? ముందు పది మంది ఉన్నారా, రెండు వందల మంది ఉన్నారా? గుంతకల్లులో రైలు ఆలస్యమైతే ఎన్ని నిమిషాలో బోర్డు మీద వేస్తారు. ఇక్కడ అడిగితే ఎవరి దగ్గరా జవాబు లేదు. మీకు ఎలా జరిగిందో చెప్పండి.

రాత్రి డ్యూటీ (కర్నూలు)

చెల్లీ, నేను స్టాఫ్ నర్సును. వేరే ఊరు, వేరే ఆసుపత్రి, కానీ కథ అదే కాబట్టి లోపలి సంగతి చెబుతాను.

మర్నాడు చేయాల్సిన కేసుల జాబితా ముందు రోజు సాయంత్రం రాస్తాం. ప్రతి సర్జికల్ యూనిట్‌కు వారంలో థియేటర్ రోజులు ఉంటాయి. జాబితాలో ఆరు పేర్లు ఉన్నాయనుకోండి. తెల్లవారేలోగా 44వ నంబరు జాతీయ రహదారి మీద లారీ బోల్తా పడుతుంది. కాన్పు వార్డు నుంచి సిజేరియన్ వస్తుంది. పేగు పగిలిన కేసు ఇంకోటి. ముగ్గురికీ మత్తు డాక్టరు కావాలి. బల్లలు ఉన్నాయి, దీపాలు ఉన్నాయి, మత్తు ఇచ్చే మనిషి చాలరు. ఆరు పేర్లలో రెండు జరుగుతాయి. మిగతా నాలుగు వచ్చే వారానికి పోతాయి. అయితే వచ్చే వారానికి అప్పటికే ఆరుగురు ఉంటారు.

వాయిదా పడిన ఆ నలుగురి కోసం విడిగా ఏ పుస్తకమూ లేదు. థియేటర్ రిజిస్టరులో జరిగిన ఆపరేషన్లే ఎక్కుతాయి. జరగనివి ఎక్కవు. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఇది ఎందుకు ఇలా ఉందని నేనూ అడగలేదు. మీ నాన్నగారి చీటీ గురించి చదివాక అడగాల్సిందని అనిపించింది.

ఒక్క మాట గుర్తు పెట్టుకోండి. ఉబ్బు లోపలికి పోకుండా గట్టిపడితే, నొప్పి, వాంతులు మొదలైతే ఫోను కోసం ఎదురు చూడవద్దు. పేగు ఇరుక్కుపోయిందని అర్థం. అప్పుడు 108కి చేసి ఎంత రాత్రయినా అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి.

పెన్న ఒడ్డు (కడప జిల్లా)

కార్డు ఉంది కదా, ప్రభుత్వ ఆసుపత్రిలోనే ఎందుకు ఆగాలి? ఎన్టీఆర్ వైద్య సేవ (పాత ఆరోగ్యశ్రీ) కింద, పథకంలో చేరిన ప్రైవేటు (నెట్‌వర్క్) ఆసుపత్రిలో చేయించుకోండి. మా మామయ్యకు గుండెకు స్టెంటు వేశారు, పైసా కట్టలేదు. ప్రభుత్వానికి ఆపరేషన్లు చేయడం చేతకాకపోతే డబ్బు కట్టి ప్రైవేటులో చేయించడమే మంచిది అని నా అభిప్రాయం.

వేరుశనగ చేను

వెళ్లాం అన్నా. ఒక నెట్‌వర్క్ ఆసుపత్రిలో బిల్లులు రావాల్సి ఉంది, ప్రస్తుతం పథకం కింద కొత్త కేసులు తీసుకోవడం లేదన్నారు. ఇంకోచోట బెడ్లు ఖాళీ లేవన్నారు. డబ్బు కడితే రేపే చేస్తామని అదే కౌంటరు దగ్గర చెప్పారు. 45 వేలు. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకోవాలి. నాన్న ఒప్పుకోలేదు.

పాత ఆరోగ్యమిత్ర (అనంతపురం)

నేను కొన్నేళ్లు ఆసుపత్రి ముందు హెల్ప్ డెస్కులో కూర్చున్నవాణ్ణి. పెన్న ఒడ్డు గారూ, మీ మామయ్యకు మేలు జరిగింది, సంతోషం. అలాంటి వాళ్లను వందల మందిని నేనే చేర్పించాను. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు తొలి విడతలో మూడు జిల్లాలనే తీసుకున్నారు: మహబూబ్‌నగర్, శ్రీకాకుళం, మన అనంతపురం. గుండె జబ్బు పిల్లలను ఎత్తుకుని తల్లులు హైదరాబాదు బస్సు ఎక్కడం నా కళ్లతో చూశాను. ఆ పథకాన్ని ఎవరు తక్కువ చేసినా ఊరుకోను. తర్వాత ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మారింది, కార్డు రంగు మారింది, పని మాత్రం అదే.

కానీ పథకం నడిచే తీరు కూడా తెలుసుకోవాలి. ఆసుపత్రి ముందుగా ఆన్‌లైన్‌లో అనుమతి అడుగుతుంది. అనుమతి వచ్చాక ఆపరేషన్ చేసి, రోగిని ఇంటికి పంపాక బిల్లు పెడుతుంది. ఆ డబ్బు నెలల తరబడి రాకపోతే ఆసుపత్రి ఏం చేస్తుంది? ప్యాకేజీ, అంటే ఆ ఆపరేషన్‌కు పథకం ఇచ్చే సొమ్ము, ఎక్కువ ఉన్న కేసులను తీసుకుంటుంది, తక్కువ వాటిని "బెడ్లు లేవు" అని తిప్పి పంపుతుంది. హెర్నియా ప్యాకేజీ చిన్నది. పైగా కొన్ని చికిత్సలను ప్రభుత్వ ఆసుపత్రులకే కేటాయించారు, వాటికి ప్రైవేటులో కార్డు చెల్లదు. ఇవన్నీ కౌంటరు దగ్గర నిలబడ్డ మనిషికి ఎవరూ విడమరచి చెప్పరు. ఆయనకు తెలిసేది "లేదు" అన్న ఒక్క మాటే.

పథకం డబ్బు ప్రభుత్వ ఆసుపత్రికీ వస్తుందని చాలామందికి తెలియదు. అక్కడ కార్డు మీద ఆపరేషన్ జరిగితే ఆ ప్యాకేజీ సొమ్ము ఆసుపత్రి ఖాతాలో పడుతుంది. అందులో కొంత చేసిన డాక్టర్లకు, సిబ్బందికి ప్రోత్సాహకంగా పోతుంది. కేసు ప్రైవేటుకు వెళ్లిన ప్రతిసారీ ప్రభుత్వ ఆసుపత్రి ఆ మేరకు పేదదవుతుంది. పేదదైన కొద్దీ ఇంకో కేసు బయటికి పోతుంది.

లెక్కల మాస్టారు (ధర్మవరం)

ఆరోగ్యమిత్ర గారు బాగా చెప్పారు. కార్డుకు పెట్టే డబ్బు వేరు, మత్తు డాక్టరు పోస్టుకు పెట్టే డబ్బు వేరు. మొదటిది ప్రకటించడం సులువు. రాజీవ్ ఆరోగ్యశ్రీ రోజుల్లో కుటుంబానికి లక్షన్నర, పైన మరో 50 వేలు ఉండేది. 2023 డిసెంబరులో పరిమితిని 25 లక్షలకు పెంచారు. పరిమితి పెరిగినందువల్ల ఉరవకొండ పెద్దాయన వరుసలో ఒక్క అడుగైనా ముందుకు జరిగారా?

2017 జాతీయ ఆరోగ్య విధానంలో రెండు మాటలు రాసుకున్నారు. ప్రజారోగ్యం మీద ప్రభుత్వాల ఖర్చు 2025 నాటికి దేశ స్థూల ఉత్పత్తిలో 2.5 శాతానికి చేరాలి. రాష్ట్రాలు 2020 నాటికి తమ బడ్జెట్లలో 8 శాతానికి పైగా వైద్యానికి ఇవ్వాలి. 2021-22 జాతీయ ఆరోగ్య ఖాతాల ప్రకారం, అదీ కరోనా ఏడాదిలో, కేంద్రం, రాష్ట్రాలు కలిపి పెట్టింది 1.84 శాతం. ఒక మంచి సంగతీ ఉంది: 2013-14లో మొత్తం వైద్య ఖర్చులో జనం జేబులోంచి నేరుగా పెట్టింది 64.2 శాతం ఉంటే 2021-22కి 39.4 శాతానికి దిగింది. ఇది చిన్న మార్పు కాదు.

అయితే వేరుశనగ చేను, నీ దగ్గర పలక ఉంటే ఒక లెక్క వెయ్యమ్మా. మీరు ఆసుపత్రికి ఎన్నిసార్లు వెళ్లారు, బస్సుకు ఎంత, పోయిన కూలి ఎంత?

వేరుశనగ చేను

వేశాను మాస్టారూ. ఆరు ప్రయాణాలు, ఇద్దరం. బస్సు, ఆటో, తిండి కలిపి దాదాపు 3,000. రెండుసార్లు చేరినప్పుడు అయిదు రోజులు నేను పనికి పోలేదు. మూటలు ఎత్తే మనిషికి ఇప్పటికి 7,000 ఇచ్చాం. బయట చేయించిన స్కానింగు 900. మొత్తం పది వేలు దాటింది. ఆపరేషన్ ఉచితమే. ఇంకా జరగలేదు.

మాస్టారు గారు చెప్పిన 39.4 శాతంలో బస్సు టికెట్టు, పోయిన కూలి ఉంటాయా?

లెక్కల మాస్టారు (ధర్మవరం)

పోయిన కూలి ఉండదమ్మా. ఆ లెక్క అందులోకి ఎక్కదు.

బ్రిస్టల్ అక్క (పుట్టిల్లు తాడిపత్రి)

ఇంగ్లండులో తొమ్మిదేళ్లుగా నర్సుగా ఉన్నాను. ఇక్కడి జాతీయ ఆరోగ్య సేవ 1948 జులై 5న మొదలైంది. పన్నుల డబ్బుతో నడుస్తుంది. ఆసుపత్రిలో చేరితే బిల్లు అనే కాగితమే ఉండదు. ఇక్కడ స్వర్గం ఉందని చెప్పడానికి రాయడం లేదు. తుంటి కీలు మార్పిడికి ఏడాదికి పైగా ఆగి, నొప్పి మాత్రలతో రోజులు గడిపిన ముసలివాళ్లను నా వార్డులోనే చూశాను.

తేడా ఎక్కడంటే, ఇక్కడ ఆగడాన్ని లెక్కపెడతారు. వీధి డాక్టరు రాసిన ఉత్తరం ఆసుపత్రికి అందిన రోజు గడియారం మొదలవుతుంది. ఆ మాటే వాడతాం. చికిత్స మొదలైన రోజు గడియారం ఆగుతుంది. నూటికి 92 మందికి 18 వారాల్లోపు చికిత్స మొదలు కావాలన్నది నియమం. 2016 తర్వాత ఆ నియమాన్ని నిలబెట్టుకోలేకపోయారు. 2023 సెప్టెంబరులో జాబితా 77 లక్షల చికిత్సలకు చేరింది. ఒకే మనిషి రెండు చికిత్సల కోసం ఆగుతుంటారు కాబట్టి మనుషుల లెక్కన చూస్తే 65 లక్షల దాకా. ఆ సంఖ్య నెల నెలా ఆసుపత్రి వారీగా బయటికి వస్తుంది. 2023 జనవరిలో ప్రధాని రిషి సునాక్ ఇచ్చిన అయిదు హామీల్లో ఈ జాబితా తగ్గించడం ఒకటి. తగ్గకపోగా పెరిగింది, జనం నిలదీశారు. సంఖ్య చేతిలో ఉంది కాబట్టే నిలదీయగలిగారు.

చెల్లీ, మీ నాన్నగారి గడియారం జూన్ 17న మొదలు కావాలి. అక్టోబరు 21కి 18 వారాలు నిండుతాయి. ఇక్కడైతే ఆయన పేరు ఆ రోజు నుంచి గడువు దాటినవాళ్ల లెక్కలో చేరుతుంది. అక్కడ ఏ లెక్కలోనూ లేరు.

తుంగభద్ర (మంత్రాలయం)

అక్కా, ఇంగ్లండుతో మనకు పోలిక ఏమిటి? వాళ్ల జనాభా ఎంత, వాళ్ల సంపాదన ఎంత? ఆదోని నుంచి కర్నూలుకు వంద కిలోమీటర్లు. సుస్తీ చేసినవాణ్ణి బస్సులో కూర్చోబెట్టి తీసుకురావడమే మాకు పెద్ద పని. ముందు డాక్టర్లను వేయమనండి, జాబితాల సంగతి తర్వాత.

బ్రిస్టల్ అక్క

తమ్ముడూ, డబ్బులో పోలిక లేదు, ఒప్పుకుంటాను. ఒక రిజిస్టరులో రెండు తేదీలు రాయడానికి ఇంగ్లండు సంపద అక్కరలేదు కదా. ఇంకో ఇద్దరు మత్తు డాక్టర్లు కావాలని ఆసుపత్రి పెద్దలు పైకి రాసేటప్పుడు, "పని ఒత్తిడి ఎక్కువగా ఉంది" అని రాస్తే ఎవరు చూస్తారు? "నాలుగు వందల మంది మూడు నెలలకు పైగా ఆగి ఉన్నారు" అని రాస్తే పక్కన పెట్టడం కష్టం.

రెండో ఏడు పీజీ (సర్జరీ)

ఊరు చెప్పను, క్షమించండి. తేదీ రాసివ్వడానికి మేం ఎందుకు భయపడతామో చెబుతాను. రాసిచ్చిన తేదీ తప్పితే రోగి తరఫువాళ్లు వచ్చి మా మీదే అరుస్తారు. రాత్రంతా మేలుకుని పేగు కేసు చేసి బయటికి వచ్చినవాడికి ఆ అరుపులు తట్టుకునే ఓపిక ఉండదు. అందుకే "ఫోను చేస్తాం" అంటాం. ఆ మాట నేనూ చాలామందికి రాశాను. వేరుశనగ చేను గారి పోస్టు చదివాక నిద్ర పట్టలేదు.

రాయని వరుసలో ఇంకొక ప్రమాదం ఉంది. పొద్దున ఎనిమిదింటికి ఫోను వస్తుంది. "ఫలానా నాయకుడి మనిషి, ఈ రోజే చేయాలి." జాబితా మా జేబులోని కాగితం కాబట్టి పేరు చేర్చడం క్షణంలో పని. కింది పేరు జారిపోతుంది. జారిపోయినవాడికి తాను జారానని కూడా తెలియదు, ప్రమాదం కేసు వచ్చిందనుకుంటాడు. అదే జాబితా గోడ మీద ఉంటే, వరుస నంబర్లతో ఉంటే, "సార్, బయట అందరూ చూస్తున్నారు" అని చెప్పే వీలు మాకూ దొరుకుతుంది.

పేర్లు గోడ మీద వేయకూడదు, రోగి గోప్యత ఉంది. నంబరు వేస్తే చాలు. ఇప్పుడు ఓపీలో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి, 14 అంకెల ఆభా (ఆరోగ్య ఖాతా) నంబరుతో టోకెన్ ఇస్తున్నాం. పొద్దున ఓపీ వరుసను కంప్యూటర్ లెక్కపెడుతోంది. ఆపరేషన్ వరుసను లెక్కపెట్టే పని మాత్రం ఎవరికీ అప్పగించలేదు.

రాత్రి డ్యూటీ (కర్నూలు)

డాక్టర్ బాబూ, సిఫారసుల గురించి ధైర్యంగా రాశారు. నేను ఇన్నేళ్లు చూస్తూ నోరు మెదపలేదు.

టోకెన్ల విషయంలో ఒక్కటి. మంచి ఫోను లేని ముసలమ్మలు ఆ క్యూఆర్ పలక ముందు నిలబడి, కుర్రాళ్లను బతిమాలుకుంటున్నారు. ఓటీపీ కొడుకు ఫోనుకు వెళుతుంది, కొడుకు బెంగళూరులో పనిలో ఉంటాడు. మా దగ్గర చేత్తో చీటీ రాసే కిటికీ ఒకటి తెరిచే ఉంచమని పట్టుబట్టాం, ఉంచారు. మీ ఊళ్లో లేకపోతే అడగండి.

గీతకు ఇటువైపు (రాయదుర్గం)

మా సంగతి వేరు. మాకు బళ్లారి దగ్గర, అనంతపురం దూరం. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఒకప్పుడు బళ్లారి జిల్లాలోవే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఇటు వచ్చాయి. గీత మారినా రోగి కాళ్లు పాత దారినే పోతాయి. మా అమ్మకు రక్తం ఎక్కించాల్సి వచ్చినప్పుడు దగ్గర కదా అని బళ్లారికే తీసుకెళ్లాం. మన కార్డు అక్కడ పనికిరాలేదు. 2019లో హైదరాబాదు, బెంగళూరు, చెన్నైలోని కొన్ని ఆసుపత్రులను పెద్ద జబ్బులకు పథకంలో చేర్చారు. అంత దూరం పోలేనివాళ్లకు గంట దూరంలో ఉన్న ఊరు మాత్రం పరాయిదే.

పెన్న ఒడ్డు (కడప జిల్లా)

పైన రాసిన మాట కొంత వెనక్కి తీసుకుంటున్నాను. పీజీ గారి పోస్టు చదివాక మామయ్యను మళ్లీ అడిగాను. స్టెంటు వేయడానికి ముందు మూడు ఆసుపత్రులు తిరిగారట, నాలుగో చోట తెలిసినవాళ్లు ఫోను చేస్తే తీసుకున్నారట. నాకు ఆ సంగతి చెప్పలేదు. ఉచితంగా జరిగిందన్న ఆనందంలో మేమూ అడగలేదు.

అయినా ప్రైవేటు భాగస్వామ్యం వద్దనడానికి లేదని ఇప్పటికీ అనుకుంటున్నాను. ఆదోని, పులివెందుల వైద్య కళాశాలలను ఆ పద్ధతికి ఇవ్వాలన్న నిర్ణయం మీద రాష్ట్రమంతా గొడవ జరుగుతోంది. ఎవరు కట్టినా ఆసుపత్రి తెరుచుకుంటే మంచిదే కదా?

లెక్కల మాస్టారు (ధర్మవరం)

తెరుచుకుంటే మంచిదే. ఎవరి కోసం ఎన్ని పడకలు అన్నది ఒప్పందంలో ఉండాలి, ఆ ఒప్పందం జనానికి కనిపించాలి.

ఉచితంగా, క్రమంగా నడపడం సాధ్యం కాదనేవాళ్లు మన జిల్లానే చూడాలి. పుట్టపర్తిలో 1991 నవంబరు 22న తెరిచిన సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిలో గుండె ఆపరేషన్లకు రోగి నుంచి డబ్బు తీసుకోరు. విసెంట్ ఫెర్రర్ 1969లో ఈ కరువు నేలకు వచ్చి పెట్టిన సేవా సంస్థ ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు), బత్తలపల్లిలో నడిపే ఆసుపత్రికి పల్లెల నుంచి జనం ఎంతగా వస్తారో బస్సు ఎక్కినవాళ్లకు తెలుసు. నా మనవడు అక్కడే పుట్టాడు. అవి దాతల సొమ్ముతో నడుస్తాయి. దాత చెయ్యి ఎప్పుడైనా ఆగవచ్చు. మనం కట్టే పన్ను ఆగదు కదా, దానితో నడిచే ఆసుపత్రి వాటికన్నా గట్టిగా నిలబడాలి.

ఇక పని మాట. సమాచార హక్కు చట్టం 2005 ఉంది. దరఖాస్తు రుసుము పది రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు అదీ లేదు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. వేరుశనగ చేను, ఇలా అడుగు: ఆసుపత్రిలో మంజూరైన మత్తు డాక్టర్ల పోస్టులు ఎన్ని, ఖాళీలు ఎన్ని? గత ఆరు నెలల్లో ముందుగా తేదీ ఇచ్చిన ఆపరేషన్లు ఎన్ని, వాయిదా పడినవి ఎన్ని? వాయిదా పడినవారి వివరాలు ఏ రిజిస్టరులో రాస్తున్నారు? మూడో ప్రశ్న ముఖ్యం. రిజిస్టరే లేదని రాతపూర్వకంగా వస్తే, ఆ కాగితం పట్టుకుని కలెక్టరు గారి సోమవారం గ్రీవెన్సుకు వెళ్దాం. నేనూ వస్తాను.

వేరుశనగ చేను

అందరికీ నమస్కారం. పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను.

నాన్నకు ఆపరేషన్ జరిగింది. ఫోను వచ్చి కాదు. శుక్రవారం రాత్రి ఉబ్బు లోపలికి పోలేదు, రెండుసార్లు వాంతి అయింది. రాత్రి డ్యూటీ అక్క రాసిన మాట గుర్తుకు వచ్చి వెంటనే 108కి చేశాను. తెల్లవారుజామున నాలుగింటికి థియేటర్‌లోకి తీసుకున్నారు. పేగు నల్లబడలేదు, కాపాడగలిగామని డాక్టరు గారు చెప్పారు. నాన్న ఇప్పుడు గంజి తాగుతున్నారు. అక్కా, మీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. అమ్మ మీ పేరు అడిగింది, తెలియదన్నాను. దేవుడి గదిలో రాత్రి డ్యూటీ పేరుతోనే దీపం పెట్టింది.

ఆ తెల్లవారుజామున థియేటర్ బయట ఇంకో కుటుంబం ఉంది. వాళ్ల అబ్బాయి ఆకుపచ్చ గౌనులో అదే బల్ల మీద కూర్చున్నాడు. ఎనిమిదింటికి నర్సమ్మ వచ్చి ఈ రోజు కాదని చెప్పింది. ఆ అబ్బాయి వరుసలోకి మా నాన్నే వచ్చారు. వాళ్ల అమ్మ నా వైపు చూసింది, ఏమీ అనలేదు. వాళ్ల చీటీ చూపించమని అడిగి తేదీలు రాసుకున్నాను.

మాస్టారు గారు చెప్పిన మూడు ప్రశ్నలతో దరఖాస్తు ఇచ్చాను, రసీదు తీసుకున్నాను. జవాబు వచ్చేలోగా మన దగ్గరైనా ఒక రిజిస్టరు ఉండాలి. పేర్లు వద్దు, ఆసుపత్రులు వద్దు. జబ్బు, మొదటి ఓపీ తేదీ, ఎన్నిసార్లు వాయిదా, ఆపరేషన్ తేదీ. నేను మొదలుపెడుతున్నాను.

హెర్నియా, 62 ఏళ్లు. ఓపీ జూన్ 17. వాయిదాలు మూడు. ఆపరేషన్ అక్టోబరు 18, అత్యవసరంగా.

హెర్నియా, 19 ఏళ్లు. ఓపీ జులై 30. వాయిదాలు రెండు. ఇంకా జరగలేదు.

తుంగభద్ర (మంత్రాలయం)

పిత్తాశయంలో రాళ్లు, మా వదిన, 41 ఏళ్లు. ఓపీ మే 6. వాయిదాలు నాలుగు. ఇంకా జరగలేదు.

గీతకు ఇటువైపు (రాయదుర్గం)

గర్భసంచి, మా పెద్దమ్మ, 53 ఏళ్లు. ఓపీ ఫిబ్రవరి 11. వాయిదాలు రెండు. మూడోసారి మేమే వెళ్లలేదు, బస్సుకు డబ్బు లేక. దాన్ని ఏ గడిలో రాయాలి?

రెండో ఏడు పీజీ (సర్జరీ)

అయిదో గడి పెట్టండి. రేపటి నుంచి మా యూనిట్ వాళ్లవి నేనూ ఒక నోటు పుస్తకంలో రాస్తున్నాను.